మలంచా నుండి మహానగరానికి: నివాసానికి ఊరి ఎంపిక

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. బదిలీ ఉత్తర్వు చేతికందిన ఉద్యోగికి ఈ రెండింటికంటే ముందుగా మరొక పరీక్ష ఎదురవుతుంది. కాపురం ఏ ఊరిలో పెట్టాలి? ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల నుండి కోల్‌కతా కార్యాలయానికి వచ్చే మన సహోద్యోగులు తరచుగా మమ్మల్ని అడిగే ప్రశ్న ఇదే. నగరంలో ఉందామంటే అద్దె భారం, ఇరుకు గదులు. దూరంగా ఉందామంటే ప్రయాణ భారం. మధ్యలో ఒక చక్కని చిన్న ఊరు దొరికితే బాగుండునని అందరికీ ఉంటుంది. మరి ఆ ఊరిని ఎట్లా గుర్తించాలి?

ఈ విషయంలో సలహా చెప్పడానికి మాకు కొంత అర్హత ఉన్నదని భావిస్తున్నాము. మేము ఖరగ్‌పూర్ పట్టణంలోని మలంచా వాసులం. మాలో కొందరం ఏళ్ళ తరబడి హౌరాకు రోజూ రైలులో పోయి వస్తున్నవారం. కొందరం వారానికొకసారి ఇంటికి వచ్చేవారం. మరికొందరం ఆ ప్రయాణం మానుకొని దారిలోని చిన్న ఊళ్ళకు మారినవారం. మా అనుభవసారాన్ని సోదర ఉద్యోగులతోను, వారి కుటుంబాలతోను పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పూలతోట పేరుగల పేట

మలంచ అనగా బెంగాలీ భాషలో పూలతోట. పేరు బెంగాలీదే అయినా ఈ పేట వీధులలో ఉదయం వేళ నడిచేవారికి వినిపించేది మన ఉత్తరాంధ్ర యాస. బెంగాల్ గడ్డ మీద ఇంత తెలుగు ఎట్లా వచ్చిందో తెలుసుకుంటే ఊరి ఎంపికకు సంబంధించిన మొదటి పాఠం కూడా తెలుస్తుంది.

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. పందొమ్మిదవ శతాబ్దం ముగిసేనాటికి ఆ కంపెనీ ఖరగ్‌పూర్‌ను కూడలిగా చేసుకొన్నది. రూపనారాయణ్ నదిపై కోలాఘాట్ వద్ద వంతెన పూర్తి కావడంతో 1900లో హౌరాకు దారి ఏర్పడింది. 1902లో కటక్ నుండి విశాఖ వరకు గల తూర్పు తీర రైలు మార్గపు ఉత్తర భాగం కూడ అదే కంపెనీ చేతికి వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల పల్లెలకూ ఖరగ్‌పూర్ కర్మాగారానికీ నడుమ ఒకే కంపెనీ పట్టాలు పరచుకున్నాయి. కరవు రోజులలో పొలం పనులు లేని మనుషులు ఆ పట్టాల వెంబడి పనిని వెతుక్కుంటూ వచ్చారు. ఫిట్టర్లుగా, కమ్మరులుగా, ఖలాసీలుగా, గ్యాంగ్‌మన్లుగా చేరారు. 1927లో ఇక్కడి రైల్వే కార్మికులు చేసిన సమ్మె దేశమంతటా పేరుపొందింది. తరువాతి కాలంలో రాష్ట్రపతి పదవిని అలంకరించిన వి.వి.గిరి గారు ఆ రైల్వే కార్మికోద్యమపు నాయకులలో ఒకరు.

మొదటి తరంవారికి ఊరి ఎంపిక అనే చిక్కు లేదు. పని ఉన్నచోటనే క్వార్టరు. కర్మాగారం సైరను వినిపించే దూరంలోనే ఇల్లు, బజారు, బడి, ఆసుపత్రి. అయితే క్వార్టరు ఉద్యోగం ఉన్నన్నాళ్ళే. పదవీ విరమణ రోజు రాగానే తాళాలు అప్పగించవలసినదే. అప్పటికి సొంత ఊరిలో భూమి లేదు, తెలిసినవారు తగ్గిపోయారు, పిల్లలు ఇక్కడి బడులలో చదువుకున్నారు. అందువలన రైల్వే స్థలాల హద్దు దాటి మలంచా వంటి పేటలలో చిన్న చిన్న స్థలాలు కొనుక్కొని ఇళ్ళు కట్టుకున్నారు. పని కొరకు వచ్చిన ఊరు ఆ విధంగా సొంత ఊరయింది.

మూడవ తరం నాటికి పరిస్థితి మారినది. రైల్వేలో ఉద్యోగాలు వెనుకటి వలె లేవు. చదువుకున్న పిల్లలకు కోల్‌కతాలో కొలువులు దొరికాయి. పని నగరానికి తరలింది, ఇల్లు మాత్రం మలంచాలోనే ఉండిపోయింది. ఆ రెంటి నడుమ 115 కిలోమీటర్ల రైలు మార్గం మిగిలింది. ఈనాడు మా సమస్య ఇదే. బదిలీపై వచ్చే మీ సమస్య కూడ ఇంచుమించు ఇదే.

మలంచాలో ఉన్న సుఖం

ముందుగా ఊరి మంచిని చెప్పుకోవాలి. ఖరగ్‌పూర్ పురపాలక సంఘం 1954లో ఏర్పడింది. 2011 జనాభా లెక్కల నాటికే పురపాలక సంఘం జనాభా 2 లక్షలు దాటింది. పట్టణానికి ఒక వైపున, 1951లో ప్రారంభమైన తొలి ఐ.ఐ.టి. ఉన్నది. నిర్బంధ శిబిరంగా ఉండిన హిజ్లీ భవనంలో ఆ విద్యాసంస్థ మొదలయిన సంగతి పాఠకులకు తెలిసినదే. ఒక మహానగరపు ఇరుకు లేకుండా, పల్లెటూరి కొరత లేకుండా సంసారం నడవడానికి కావలసినవన్నీ ఇక్కడ దొరుకుతాయి. గోల్‌బజారులో కరివేపాకు, ములక్కాడలు, చింతపండు కొరకు వెతుక్కోనక్కరలేదు. తిరపతి వెంకన్నకు మ్రొక్కుకోవడానికి బాలాజీ మందిరం ఉన్నది. మాత పూజలు వచ్చినవంటే పేటకు పేట ఒక్క కుటుంబమవుతుంది.

నేల సంగతి కూడా చెప్పాలి. ఖరగ్‌పూర్ ఎర్రమట్టి నేల, మెరక ప్రాంతం. ఎండ తీవ్రత ఎక్కువే, వేసవిలో నీటికి కొంత ఇబ్బంది కూడా ఉంటుంది. కాని నది పొంగి ఇంట్లోకి వస్తుందన్న భయం లేదు.

భాష విషయంలో ఈ పట్టణానికి సాటివచ్చే ఊరు ఈ రాష్ట్రంలో మరొకటి లేదని చెప్పవచ్చు. ఖరగ్‌పూర్ ప్రాంతంలోని తెలుగువారిని దృష్టిలో ఉంచుకొని 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా కల్పించింది. పిల్లవాడు బడిలో బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు నేర్చినా వీధిలోకి రాగానే తెలుగు వినబడుతుంది. అవ్వ చెప్పే కథ వాడికి అర్థమవుతుంది. పరరాష్ట్రంలో కాపురం పెట్టిన వారికి ఇది ఎంత విలువైన సంగతో వేరుగా చెప్పనక్కరలేదు.

సొంత ఊరికి పోయి రావడం కూడా సులభమే. హౌరా వైపు నుండి మన తీరానికి పోయే ముఖ్యమైన రైళ్ళలో చాలా భాగం ఖరగ్‌పూర్‌లో ఆగుతాయి. రాత్రి బండి ఎక్కితే తెల్లవారేసరికి పలాస, ఆమదాలవలస పరిసరాలకు చేరుకోవచ్చు. పండుగకు పోవాలన్నా, పెద్దలకు బాగులేదని కబురు వచ్చినా, నగరమంతా అడ్డంగా దాటి స్టేషనుకు చేరే అవస్థ లేదు.

ఇన్ని సుఖాలున్నాయి గనుక కొత్తగా వచ్చినవారు మలంచాలో ఇల్లు చూసుకోవడానికి ఉత్సాహపడతారు. దూరపు కొండలు నునుపు. ఇక రెండవ వైపు చూద్దాము.

గడియారం చెప్పే లెక్క

ఊరి దూరాన్ని కిలోమీటర్లలో కొలవడం అలవాటు. రోజూ పోయి వచ్చే ఉద్యోగికి ఆ కొలత పనికిరాదు. అతనికి కావలసినది తన ఇంటి గడప నుండి కార్యాలయపు గడప వరకు పట్టే కాలం. ఈ కాలంలో నాలుగు భాగాలున్నాయి: ఇంటి నుండి స్టేషనుకు, స్టేషనులో నిరీక్షణ, రైలులో ప్రయాణం, రైలు దిగిన తరువాత కార్యాలయానికి. రైల్వే పట్టికలో కనబడేది మూడవ భాగం మాత్రమే. ఇల్లు ఇప్పించే దళారి కూడా ఆ ఒక్కటే చెప్పి ఊరుకుంటాడు.

మలంచా నుండి ఖరగ్‌పూర్ స్టేషనుకు రిక్షాలోగాని సైకిలు మీదగాని 20 నిమిషాలు. నిరీక్షణ 10 నిమిషాలు. ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనదని పేరుపొందిన ప్లాట్‌ఫారం మాది. ఆ కీర్తి 2013లో గోరఖ్‌పూర్‌కు, 2023లో హుబ్బళ్ళికి పోయింది గాని, పొడవు మాత్రం తగ్గలేదు! సరియైన పెట్టె చేరడానికి నడక కూడా లెక్కలోనిదే. లోకల్ రైలులో హౌరాకు రెండున్నర నుండి మూడు గంటలు, ఎక్స్‌ప్రెస్ దొరికితే సుమారు రెండు గంటలు. హౌరా నుండి కార్యాలయానికి మరొక అరగంట పైచిలుకు. వెరసి ఒక వైపు సుమారు మూడున్నర గంటలు, రానూపోనూ ఏడు గంటలు.

నెలకు 22 పనిదినాలనుకుంటే 154 గంటలు. అంటే రాత్రింబగళ్ళు కలిపి ఆరు రోజులకు పైగా రైలులోనే గడుస్తాయి. సెలవులు తీసివేసి సంవత్సరానికి 11 నెలలనే లెక్కించినా 70 రోజులు దాటుతాయి. సంవత్సరంలో రెండు నెలలకు మించిన కాలం బెంచీ మీద, లేదా తలుపు పక్కన నిలబడి గడిచిపోతున్నదన్నమాట.

ఇటలీ దేశపు భౌతిక శాస్త్రవేత్త చేసారే మార్కెట్టి 1994లో ఒక ఆసక్తికరమైన సంగతి చెప్పారు. నడిచే కాలమైనా, రైళ్ళ కాలమైనా, కార్ల కాలమైనా మనుషులు రోజుకు సగటున ఒక గంటను మాత్రమే ప్రయాణానికి వెచ్చిస్తూ వచ్చారట. వాహనం వేగం పెరిగితే ఊరు విస్తరిస్తుంది గాని, ఆ గంట మాత్రం మారదని ఆయన అభిప్రాయం. ఆ కొలతతో చూస్తే మా ఏడు గంటలు మనిషి సహజంగా భరించగల దానికి ఏడు రెట్లు!

ఇది బెంగాల్‌కు మాత్రమే పరిమితమైన సంగతి కాదు. కాజీపేట నుండి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు. ఆ దారిలోను రోజూ పోయి వచ్చే ఉద్యోగులున్నారు. విజయనగరం నుండి విశాఖపట్నం 61 కిలోమీటర్లు, గుంటూరు నుండి విజయవాడ 32 కిలోమీటర్లు. ఏ దారిలోనైనా ఈ నాలుగు భాగాల లెక్క వేసి చూడకుండా ఇల్లు కొనడం కొలత తీసుకోకుండా చొక్కా కుట్టించడం వంటిది.

దారిలోని ఊళ్ళు

ఖరగ్‌పూర్, హౌరాల నడుమ గల ఊళ్ళను ఒకసారి పరిశీలిద్దాము. దూరాలు హౌరా నుండి, కాలాలు లోకల్ రైలులో సుమారుగా చెప్పినవి. సాంత్రాగాచీ 7 కిలోమీటర్లు, 20 నిమిషాలు. ఆందుల్ 12 కిలోమీటర్లు, అరగంట. ఉలుబేరియా 32 కిలోమీటర్లు, 55 నిమిషాలు. బాగ్నాన్ 45 కిలోమీటర్లు, గంటంపావు. మేచెదా 58 కిలోమీటర్లు, గంటన్నర పైచిలుకు. పాన్స్‌కురా 71 కిలోమీటర్లు, ఇంచుమించు రెండు గంటలు. బాలీచక్ 92 కిలోమీటర్లు, రెండు గంటలకు పైన. ప్రతి ఊరికీ మిగిలిన మూడు భాగాలకు ఒక గంట కలుపుకుంటే గడప నుండి గడపకు పట్టే కాలం వస్తుంది.

సాంత్రాగాచీ, ఆందుల్ నగరానికి అంటుకొని ఉన్నవే. ప్రయాణం తక్కువ, కాని అద్దెలు, రద్దీ నగరాన్ని తలపిస్తాయి. ఉలుబేరియా, బాగ్నాన్‌ల వద్ద పచ్చదనం మొదలవుతుంది. అద్దె తగ్గుతుంది. ప్రయాణం ఒక వైపు రెండు గంటలకు అటూఇటూగా ఉంటుంది. మేచెదా, పాన్స్‌కురాలకు ఒక ప్రత్యేకత ఉన్నది. చాలా లోకల్ రైళ్ళు ఆ స్టేషన్లలోనే బయలుదేరుతాయి. బయలుదేరే చోట ఎక్కినవారికి కూర్చొనే చోటు దొరుకుతుంది. కూర్చొని చేసే గంటన్నర ప్రయాణం, జనంలో నలుగుతూ నిలబడి చేసే గంట ప్రయాణం కంటే మేలు. మాలో ఉద్యోగ పరీక్షలకు చదువుకొని పై పదవులకు అర్హత పొందినవారున్నారు. ఆ చదువు చాలా వరకు కిటికీ పక్కన సాగినదే.

అయితే పాన్స్‌కురా పరిసరాలు పల్లపు ప్రాంతం. 2024 సెప్టెంబరులో కంసావతి నది గట్లు తెగి ఆ ప్రాంతంలో ఇళ్ళు నీట మునిగాయి. కనుక అక్కడ ఇల్లు చూసుకునేవారు వేసవిలో కాక వర్షాకాలంలో పోయి చూడడం మంచిది. గోడ మీది నీటి మరక అసలు సంగతి చెబుతుంది.

బాగ్నాన్, కోలాఘాట్‌ల నడుమ దేవుల్టి అనే చిన్న స్టేషను ఉన్నది. తెలుగు పాఠకులకు ఆత్మీయుడైన శరత్‌చంద్ర ఛటోపాధ్యాయ తన చివరి దశాబ్దంలో చాలా భాగం ఆ దాపున, రూపనారాయణ్ ఒడ్డున సామ్తాబేడ్‌లో ఇల్లు కట్టుకొని గడిపారు. కలకత్తాలోని ప్రచురణకర్తలను కలుసుకోవడానికి రైలు, వ్రాసుకోవడానికి నది ఒడ్డు. ఆయన ఎంపిక చక్కనిదే. కాని ఆయన పది గంటలకు హాజరుపట్టీలో సంతకం చేయవలసిన పని లేదు. మన ఎంపికలో ఆ తేడాను మరువరాదు.

నగరం లోపలి భాగం కూడా ఇప్పుడు మారింది. ఒకప్పుడు హౌరాలో దిగినవారు వంతెన మీద బస్సులోనో, రేవు వద్ద లాంచీలోనో హుగ్లీ నదిని దాటవలసి ఉండేది. 1992లో విద్యాసాగర్ సేతువు రాకతో సాంత్రాగాచీ వైపు నుండి దక్షిణ కోల్‌కతాకు రోడ్డు దారి సుగమమయింది. 2024 మార్చిలో నది అడుగున సొరంగం గుండా మెట్రో రైలు నడక ప్రారంభించింది. 520 మీటర్ల నదిని అది ముప్పావు నిమిషంలో దాటుతుంది. 2025 ఆగస్టు నుండి హౌరాలో ఎక్కి సీల్దా మీదుగా సాల్ట్ లేక్ సెక్టార్ ఫైవ్ వరకు నేరుగా పోవచ్చు. నాలుగవ భాగంలో గంటకు పైగా నలిగినవారికి ఇప్పుడు అరగంట చాలుతున్నది. అందువలన ఏదైనా ఊరు దూరమని పదేళ్ళ క్రిందట వేసిన లెక్కను ఈనాడు మళ్ళీ వేసి చూసుకోవాలి.

సీజను టికెట్టు సంగతి

రోజువారీ ప్రయాణికునికి సీజను టికెట్టే ఆధారం. మాసపు టికెట్టు కంటే మూడు నెలల టికెట్టు లాభసాటి. దాని ధర మాసపు ధరకు మూడింతలు కాక 2.7 రెట్లు. అయితే ఈ సదుపాయం సాధారణంగా 150 కిలోమీటర్ల దూరం వరకే. ఖరగ్‌పూర్ ఆ హద్దులోనే ఉన్నది. 128 కిలోమీటర్ల మేదినీపూర్ కూడా హద్దులోనిదే. చల్లని సాల వనాల నడుమ గల ఝార్‌గ్రామ్ మాత్రం కొద్ది కిలోమీటర్ల తేడాతో హద్దు దాటిపోతుంది. సీజను టికెట్టుతో రిజర్వేషను పెట్టెలలో ఎక్కరాదన్న నియమాన్ని కూడా గుర్తుంచుకోవాలి. ఎక్స్‌ప్రెస్ వేగాన్ని నమ్ముకొని ఊరు ఎంచుకున్నవారు జనరల్ పెట్టెలో చోటు దొరకని రోజును కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇంటి అద్దె భత్యం సాధారణంగా పనిచేసే ఊరిని బట్టి నిర్ణయమవుతుంది. కనుక అద్దె తక్కువగల ఊరిలో ఉంటే నెలకు కొంత మిగులుతుంది. ఆ మిగులును ప్రయాణంలో పోయే గంటలతో భాగించి చూడండి. గంటకు ఎంత వస్తుందో తెలిసిన తరువాత ఆ ధరకు మీ సాయంకాలాలను అమ్ముకొందురో లేదో మీరే నిర్ణయించుకోగలరు.

రైలు నడవని రోజు

ఒకే దారిని నమ్ముకున్న ఊరికి ఒక బలహీనత ఉన్నది. ఆ దారి మూసుకుపోతే బ్రతుకుతెరువు ఆగిపోతుంది. 2020 మార్చిలో కరోనా కారణంగా ఆగిన లోకల్ రైళ్ళు బెంగాల్‌లో ఆ సంవత్సరం నవంబరు 11న గాని తిరిగి నడవలేదు. 2021 మే నెలలో మరల ఆగి, అక్టోబరు 31న మొదలయ్యాయి. జనారోగ్యం కొరకు తీసుకున్న ఆ నిర్ణయాన్ని మేము తప్పుపట్టడం లేదు. కాని ఆ నెలలలో ఈ దారి వెంబడి గల ఇళ్ళలో ఏమి జరిగినదో చూచినవారము. స్థిరమైన ఉద్యోగం ఉన్నవారు ఎట్లాగో నెగ్గుకొచ్చారు. నగరంలోని దుకాణాలలో, ఇళ్ళలో పనిచేసి దినవెచ్చాలు తెచ్చుకొనేవారు, పూలూ కూరగాయలూ తీసుకుపోయి అమ్ముకొనేవారు పనే పోగొట్టుకున్నారు.

అంతటి విపత్తు రోజూ రాదు. కాని భారీ వర్షానికి హౌరా దాపున టికియాపారా యార్డులో నీరు నిలిస్తే రైళ్ళు గంటల తరబడి ఆలస్యమవుతాయి. చలికాలపు మంచు మరికొన్ని ఉదయాలను తినివేస్తుంది. ఊరిని ఎంచుకొనేటప్పుడు రైలు కాక రెండవ దారి ఏమిటి అని అడిగి తెలుసుకోవాలి. ఉలుబేరియా, బాగ్నాన్, మేచెదాలకు జాతీయ రహదారి దగ్గర, బస్సులున్నాయి. ఖరగ్‌పూర్‌కూ రహదారి ఉన్నది గాని, ఆ దూరం రోజూ రోడ్డు మీద పోయి రాదగినది కాదు.

ఇంటివారి లెక్క

ఇప్పటివరకు ఉద్యోగి గంటలనే లెక్కించాము. నిజానికి ప్రయాణం చేసేది అతనొక్కడే కాదు, ఇల్లంతా చేస్తుంది.

ఉదయం ఆరింటికి బయలుదేరే మనిషికి ఇంట్లో పొయ్యి నాలుగున్నరకు వెలగాలి. రాత్రి తొమ్మిదింటికి వచ్చే మనిషి కొరకు అన్నం వేడిగా ఉండాలి. ఆ రెండు చివరలనూ మోసేది సాధారణంగా ఇల్లాలే. పిల్లల బడి, పెద్దల మందులు, గ్యాసు బండ, కరెంటు బిల్లు అన్నీ ఆమె మీదనే పడతాయి. ఉద్యోగం చేసే మహిళ అయితే ఇంటి పనికీ రైలు పనికీ నడుమ ఆమె నిద్ర కరిగిపోతుంది. ఆమె తొమ్మిదింటికి ఇల్లు చేరేసరికి వంట, మరునాటి టిఫిను డబ్బా ఇంకా మిగిలే ఉంటాయి.

తండ్రి బయలుదేరేటప్పుడు పిల్లవాడు నిద్రలో ఉంటాడు. తిరిగి వచ్చేసరికి పుస్తకం మీదనే తల వాల్చి ఉంటాడు. సోమవారం నుండి శుక్రవారం వరకు తండ్రి అనగా చెప్పుల స్టాండులో ఒక జత చెప్పులు మాత్రమే. బడిలో ఏ పాఠం కష్టమయిందో, ఎవరితో తగవు పడ్డాడో ఆదివారం వరకు ఆగి చెప్పాలి. ఆదివారం నాటికి వాడు మరచిపోతాడు, లేదా చెప్పడం మానుకుంటాడు. మా పేటలో ఇది ఒక ఇంటి కథ కాదు. ప్రయాణపు మొదటి రెండు మూడేళ్ళలో అలసట ఉద్యోగికి తెలుస్తుంది. ఆ తరువాత అది అతనికి అలవాటవుతుంది. పిల్లలకు మాత్రం తండ్రి లేకపోవడమే అలవాటవుతుంది. ఈ నష్టాన్ని ఏ సీజను టికెట్టూ, ఏ అద్దె మిగులూ పూడ్చదు.

దీనికి ఎదురు వైపు కూడా ఉన్నది. ఉలుబేరియాకో బాగ్నాన్‌కో మారితే తండ్రి ఏడున్నరకే ఇల్లు చేరతాడు. కాని అవ్వ, తాత మలంచాలో మిగిలిపోతారు. పిల్లవాని వీధిలో తెలుగు వినబడదు. జ్వరం వస్తే పిలిచిన వెంటనే పలికే పొరుగు ఉండదు. ఇటు సాయంకాలాలు, అటు ముత్తాతల నాటి నుండి పెనవేసుకున్న ఇరుగుపొరుగు. మా కుటుంబాలు తూచవలసి వచ్చినవి ఈ రెండింటినే. డబ్బు లెక్క సులభం, ఈ లెక్క కష్టం.

ఒకప్పుడు ఈ మేదినీపూర్ సీమ నుండి కలకత్తాకు పోయేవారు కాలినడకనే పోయేవారు. ఈశ్వరచంద్ర విద్యాసాగరులు 1828లో, ఎనిమిదేళ్ళ వయసులో, తండ్రి వెంట బీర్సింహ గ్రామం నుండి నడిచి పోతూ దారిలోని మైలురాళ్ళను చూచి ఇంగ్లీషు అంకెలు నేర్చుకున్నారని ప్రసిద్ధి. ఆ దారి ఎంతో దూరం. కాని తండ్రీ కొడుకులు ఆ దూరాన్ని కలిసి నడిచారు. రైలు ఆ దూరాన్ని ఎంతగానో తగ్గించింది. ఆ దారిలో వారిని వేరుచేయకుండా చూసుకొనే బాధ్యత మాత్రం మనది.

మా సూచనలు

మా అనుభవంతో సహోద్యోగులకు కొన్ని సూచనలు చేయదలిచాము.

గడప నుండి గడపకు ఒక వైపు రెండు గంటలు దాటే ఊరిని రోజువారీ ప్రయాణానికి ఎంచుకోవద్దు. ఆ కొలతతో ఈ దారిలో ఉలుబేరియా వరకు నిశ్చింతగాను, బాగ్నాన్ వరకు కొంచెం సర్దుకొనీ ఉండవచ్చు. కూర్చొనే చోటు దొరుకుతుంది గనుక మేచెదా మూడవ ఎంపిక.

ఇల్లు చూడడానికి ఆదివారం పోవద్దు. పనిదినాన, మీ కార్యాలయపు వేళకు సరిపోయే రైలులో పోయి, సాయంకాలపు రద్దీలో తిరిగి రండి. వరుసగా మూడు రోజులు అట్లా చేసి చూచిన తరువాతనే అడ్వాన్సు ఇవ్వండి. ఆలస్యం ఉదయం కంటే రాత్రి ఎక్కువగా జరుగుతుంది కనుక, కార్యాలయంలో పని పొడిగినప్పుడు దొరికే ఆఖరి రైలు ఏదో ముందే తెలుసుకోండి.

మొదటి సంవత్సరం అద్దె ఇంట్లోనే ఉండండి. ఒక ఎండాకాలం, ఒక వర్షాకాలం, ఒక చలికాలం చూడకుండా స్థలం కొనవద్దు. బడి, ఆసుపత్రి, బజారు నడిచిపోయే దూరంలో ఉన్నవో లేవో ఇల్లాలు స్వయంగా చూచి చెప్పాలి. పగలంతా ఆ ఊరిలో ఉండవలసినది ఆమె గనుక ఆమె మాటకే ఎక్కువ విలువ ఇవ్వాలి.

పెద్దలు, సొంత ఇల్లు, తెలుగు వాతావరణం ముఖ్యమని మలంచాలో ఉండదలచినవారు రోజూ పోయి రావడం కంటే వారపు పద్ధతి పాటించడం మేలు. నలుగురు సహోద్యోగులు కలిసి నగరంలో ఒక గది తీసుకొని, సోమవారం ఉదయం పోయి శుక్రవారం రాత్రి రావచ్చు. వారం మధ్యలో ఇంటికి దూరమే అయినా, శని ఆదివారాలు నిద్రతో కాక పిల్లలతో గడుస్తాయి. పిల్లలు చిన్నవారైతే మాత్రం ఈ పద్ధతి కూడా ఎక్కువ ఏళ్ళు సాగనివ్వవద్దు. ఖరగ్‌పూర్ పరిసరాలలోనే పరిశ్రమలు పెరుగుతున్నాయి. ఇంట్లో రెండవ ఉద్యోగం చేసేవారికి ఊరిలోనే పని దొరికితే ఇల్లు ఒక వైపైనా నిలబడుతుంది.

చివరగా, నిర్ణయం ఒక్కసారి తీసుకొని వదిలివేసేది కాదు. పిల్లలు బడిలో చేరినప్పుడు, పెద్దలకు వయసు మీరినప్పుడు, కార్యాలయం ఒక చోటి నుండి మరొక చోటికి మారినప్పుడు, కొత్త రైలు మార్గం తెరచినప్పుడు ఈ లెక్కను మళ్ళీ వేసుకోవాలి. మాలో కొందరం అట్లా లెక్క వేసుకొనే ఉలుబేరియాకు మారాము. కొందరం మలంచాలోనే ఉండి వారపు పద్ధతికి వచ్చాము. ఇరువురిలో ఎవరు సరి అన్న వాదన మా మధ్య లేదు. భార్యాభర్తలు, పెద్దలు, మాట చెప్పగల వయసు వచ్చిన పిల్లలు ఒకచోట కూర్చొని ఆలోచించి తీసుకున్న నిర్ణయం కనుక రెండూ సరియైనవే.

బదిలీ మీద ఈ వైపు వచ్చే సోదర ఉద్యోగులకు మా స్వాగతం. ఊళ్ళు చూడదలచినవారు మలంచాకు రండి. భోజనం మా ఇంట్లో చేయండి, రైళ్ళ వేళల పట్టిక మేమిస్తాము. కాగితం మీద ఊళ్ళ పేర్లు వ్రాసుకొనేటప్పుడు ప్రతి పేరు పక్కన అక్కడి అద్దెను వ్రాయడానికి ముందు, ఆ ఊరిలో మీరు సాయంత్రం ఎన్ని గంటలకు ఇల్లు చేరతారో వ్రాయండి. ఆ గంటకు మీ పిల్లలు ఇంకా మేలుకొని ఉంటే, ఆ ఊరు మీకు తగిన ఊరే.